నాన్న రాసిన శిబిరం పుస్తకం

కిందటి నెలలో అమ్మకు గుంటూరులో కంటి శుక్లం తీయించాం. ఉదయం తొమ్మిదింటికి లోపలికి తీసుకువెళ్ళినవాళ్ళు, నేను వీధిలో కాఫీ తాగి వచ్చేసరికల్లా నల్లకళ్ళద్దాలు పెట్టి వరండాలో కుర్చీలో కూర్చోబెట్టారు. చుక్కల మందు సీసాలు రెండు, జాగ్రత్తలు రాసిన కాగితం ఒకటి చేతికిచ్చారు. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉన్నాం. దారిలో అమ్మ రెండుసార్లు "ఇంతేనా?" అని అడిగింది. ఆ ప్రశ్నలో నాకు సంతోషం కన్నా చిన్నబుచ్చుకోవడమే ఎక్కువగా వినిపించింది. వారం రోజులు కదలకుండా పడుకోవలసిన మనుషులకు ఏళ్ళ తరబడి వండి పెట్టిన ఆవిడ కదా, తన వంతు వచ్చేసరికి అది పావుగంట పనిగా తేలిపోవడం ఆవిడకు మింగుడుపడలేదు.

ఆ వరండాలో ఒక నర్సు చేతిలో ట్రేతో పక్కనుంచి వెళ్ళినప్పుడు స్పిరిటు వాసన తగిలింది. ఆ వాసన ఎక్కడైనా ఒకటే. అయితే దానిలో వరిగడ్డి వాసన, తిరగమోత పడ్డ ఉప్మా వాసన కూడా కలిస్తే తప్ప నా ముక్కుకు అది పూర్తయినట్టు ఉండదు. మా ఊరి హైస్కూలులో, లయన్స్ క్లబ్బు వారి ఉచిత నేత్ర చికిత్సా శిబిరం జరిగే వారం రోజులూ, ఆ మూడు వాసనలూ కలిసే ఉండేవి.

* * *

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు ఆగే ఊళ్ళలో మాదొకటి. చుట్టూ వరి చేలు, ఊరి నడుమ కాలవ, రెండు రైసు మిల్లులు, ఒక సినిమా హాలు, ఒక సహకార బ్యాంకు. ఆ బ్యాంకులో నాన్న హెడ్ గుమాస్తా. మా ఊళ్ళో క్లబ్బు పెట్టినప్పుడు చేరినవారిలో మిల్లు యజమానులు, డాక్టర్లు, ప్లీడర్లు, బట్టల షాపు వాళ్ళు ఉన్నారు. జీతం మీద బతికేవారు నాన్న కాక మరొకరో ఇద్దరో. ప్రెసిడెంటు పదవి ఏడాదికొకరికి మారేది. జులైలో ప్రమాణ స్వీకారం, భోజనాలు, ఆ ఏడాదిలో వచ్చే చిల్లర ఖర్చులు, ఇవన్నీ ప్రెసిడెంటే భరించాలన్నది ఎక్కడా రాయని నియమం కనుక, ఆ కుర్చీ నాన్న దాకా ఎన్నడూ రాలేదు. సెక్రటరీ పని మాత్రం ఎవరు ప్రెసిడెంటయినా నాన్నదే. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉండేది, ఇంగ్లీషులో ఉత్తరం రాయడం వచ్చు, పైగా కాదనడం రాదు.

సమావేశాలు నెలకు రెండుసార్లు మిల్లు మేడమీద జరిగేవి. చెక్క సుత్తితో ఇత్తడి గంట కొట్టి సభ మొదలుపెట్టేవారు. ఒకరినొకరు "లయన్ ఫలానా గారు" అనే పిలుచుకోవాలి. కోటుకు బిళ్ళ పెట్టుకోకపోయినా, పేరుకు ముందు ఆ మాట మరిచిపోయినా జరిమానా వేయడానికి టెయిల్ ట్విస్టరు అని ఒక అధికారి ఉండేవాడు. తోక మెలిపెట్టడం కూడా ఒక పదవేనా అని మా బామ్మ నవ్వని సమావేశం లేదు. ఆ జరిమానా డబ్బులు ఒక డబ్బాలో పోగయి, ఏడాది చివర ఆసుపత్రిలో రోగులకు రొట్టెలుగా, పళ్ళుగా మారేవి.

ఒక ఏడు ప్రమాణ స్వీకారానికి డిస్ట్రిక్ట్ గవర్నరు వస్తున్నారని రిక్షాలో మైకు పెట్టి చాటించారు. చాటించేవాడు ముందున్న మాట మింగేసి "గవర్నరు గారు విచ్చేస్తున్నారు" అని వీధివీధినా కేకలు వేశాడు. సాయంత్రానికి పంచాయతీ వాళ్ళు రోడ్డు ఊడ్చి సున్నం చారలు గీశారు, స్టేషను నుంచి ఒక కానిస్టేబులు ఇస్త్రీ బట్టలతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రైలు దిగి రిక్షాలో వచ్చిన ఆ పెద్దమనిషి క్లబ్బుల జిల్లాకు గవర్నరే తప్ప రాష్ట్రానికి కాదని ఆ కానిస్టేబులుకు ఎవరూ చెప్పలేదు. ఆయన పెట్టిన సెల్యూటుకు ఆ గవర్నరు గారు ఎంతో హుందాగా తల ఊపారు.

శాలువాలు, దండలు, ఫొటోలు అంటే నాకు అప్పటినుంచే కొంత ఏవగింపు ఉంది. పది డజన్ల అరటిపళ్ళు పంచడానికి పదిహేనుమంది వరసగా నిలబడి ఫొటో తీయించుకోవడం, అందులో నాన్న ఎప్పుడూ చివర సగం మొహంతో కనబడడం నాకు నచ్చేది కాదు. ఆ మాట ఒకసారి ఆయనతోనే అన్నాను. "ఫొటో పడుతుందంటేనే డబ్బిచ్చేవాళ్ళు కొందరుంటారమ్మడూ. పడనిస్తే పోయేదేముంది?" అన్నారు.

* * *

శిబిరం పుస్తకం అన్నది మా ఇంట్లో దివిసీమ ఉప్పెన తర్వాత పుట్టింది. 1977 నవంబరు 19న వచ్చిన ఆ ఉప్పెనలో సుమారు పదివేలమంది పోయారని తర్వాత లెక్క తేల్చారు. గాలికి మా పెంకులు కొన్ని ఎగిరిపోయాయి, పెరట్లో కొబ్బరిచెట్టు కూలింది. ఏటికి ఇవతల ఉన్నాం కనుక అంతటితో బయటపడ్డాం. రెండోరోజునే క్లబ్బు వాళ్ళు మా వాకిట్లో గాడిపొయ్యి తవ్వి పులిహోర కలిపి, విస్తరాకుల్లో పొట్లాలు కట్టించారు. ఆ పొట్లాలు లారీలో పెనుమూడి రేవుకు చేర్చి, అక్కడినుంచి పడవ మీద పులిగడ్డ వైపు తీసుకువెళ్ళారు. నాన్న వెళ్ళి నాలుగోరోజుకు వచ్చారు. నూతి దగ్గర చాలాసేపు స్నానం చేసి, ఏమీ తినకుండా పడుకున్నారు. అక్కడ ఏం చూశారో ఆయన మాకు ఎన్నడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ తర్వాత ఊళ్ళోంచి బట్టలు పోగుచేశారు. మా వరండా నిండా గుట్టలు పడ్డాయి. విప్పి చూస్తే వాటిలో ఉన్ని కోట్లు, టైలు, ఒంటికాలి బూట్లు, గుండీలు లేని చొక్కాలు కూడా ఉన్నాయి. కొంప గోడు అన్నీ పోయి నిలబడ్డ కూలివాడికి టై ఎందుకని అమ్మ తిట్టుకుంటూనే, పనికొచ్చే చీరలు ఒకవైపు, గుడ్డపీలికలు ఒకవైపు వేరుచేసింది. నాన్న రెండోసారి వెళ్ళినప్పుడు బ్యాంకులో వాడే పొడుగాటి బౌండు పుస్తకం ఒకటి కొని వెంట తీసుకువెళ్ళారు. ఏ ఊళ్ళో ఎవరు మిగిలారు, వాళ్ళకు ఏం కావాలి, ఏం ఇచ్చాం అని గళ్ళు గీసి రాశారు. ఎర్ర కాలికో వీపు ఉన్న ఆ పుస్తకంలో మొదటి ఇరవై పేజీలు అవే. గిన్నెలు, చాపలు, గునపం, పలక. ఒకచోట "దువ్వెన" అని ఉంది. ఎవరో ఆడమనిషి అడిగి ఉంటుంది.

మిగిలిన పేజీలన్నీ కళ్ళు.

* * *

శిబిరం ఏటా సంక్రాంతి వెళ్ళాక, చలి ఇంకా ఉండగానే పెట్టేవారు. అప్పటికి నూర్పిళ్ళు అయిపోయి గడ్డి దొరికేది, ఆరుబయట పనులు తగ్గి ముసలివాళ్ళకు తోడు రావడానికి ఇంట్లో ఎవరో ఒకరికి తీరిక ఉండేది. హైస్కూలులో ఒకవైపు గదులన్నీ వారం రోజులకు క్లబ్బుకు ఇచ్చేసేవారు. మా తరగతులు వేపచెట్ల కిందికి మారేవి. లెక్కల మాస్టారి గొంతును పిచ్చుకలు ముంచేసే ఆ వారం మాకు పండగకన్నా ఎక్కువ.

సైన్సు గది ఆపరేషన్ థియేటరు. రెండు రోజుల ముందు గోడలకు సున్నం వేయించి, నేల లైజాలుతో కడిగించి, కిటికీ సందులకు కాగితాలు అతికించి, రాత్రికి ఫార్మలిన్ పొగ పెట్టి తలుపు మూసేసేవారు. మర్నాడు తలుపు తీసిన మనిషి కళ్ళనిండా నీళ్ళతో బయటికి పరుగెత్తుకొచ్చేవాడు. మిగతా గదుల్లో మందంగా గడ్డి పరిచి, దాని మీద గోనెపట్టాలు, వాటి మీద దుప్పట్లు వేసేవారు. కరెంటు పోతుందేమోనని మిల్లు వాళ్ళు జనరేటరు పంపేవారు, అదీ మొరాయిస్తుందేమోనని నాన్న రెండు పెట్రోమాక్సు లైట్లు సిద్ధంగా ఉంచేవారు.

మొదటిరోజు చూపు పరీక్షలు. పొద్దు పొడవకముందే ఎడ్లబళ్ళు, రిక్షాలు, రైలు దిగి ఒకరి భుజం మీద ఒకరు చెయ్యివేసుకు నడిచివచ్చే ముసలివాళ్ళు. వైద్యులు గుంటూరు నుంచి వచ్చేవారు. శుక్లం ముదిరిందన్నవాళ్ళను సైన్సు మాస్టారి దగ్గరికి పంపేవారు. ఆయన స్పిరిటు దీపం వెలిగించి, పరీక్షనాళికలో బెనెడిక్ట్ ద్రావణంతో మూత్రం కాచేవారు. నేను బల్ల అంచున గడ్డం ఆనించి చూస్తూ ఉండేదాన్ని. నీలం నీలంగానే ఉంటే ఆపరేషన్ జరుగుతుంది. అది ఆకుపచ్చకు, పసుపుకు తిరిగి ఇటుక రంగుకు వచ్చిందంటే చక్కెర ఉన్నట్టు. ఆ మనిషిని మందులు రాసి వెనక్కి పంపేస్తారు. "ఈ నీళ్ళు పారబోసి ఇంకొక్కసారి చూడు నాయనా" అని ఒక ముసలమ్మ మాస్టారి గడ్డం పట్టుకుని బతిమాలింది. ఆయన నిజంగానే ఇంకొకసారి కాచారు. మళ్ళీ ఇటుక రంగే వచ్చింది.

ఎన్నికైనవాళ్ళకు కనురెప్పల వెంట్రుకలు కత్తిరించి, నుదుటి మీద ప్లాస్టరు ముక్క అతికించి, దాని మీద నంబరు, ఏ కంటికో తెలిసేలా బాణం గుర్తు వేసేవారు. ఆ నంబరే నాన్న పుస్తకంలో వరస సంఖ్య. దాని పక్కన పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఊరు, ఏ కన్ను, తోడు వచ్చినదెవరు, కార్డు వేసిన తేదీ, అద్దాలు ఇచ్చిన తేదీ. చివరి గడి ఆ రోజుకు ఖాళీ. అది నిండడానికి మరో ఆరు వారాలు పట్టేది.

ఆపరేషన్ అయినవాళ్ళు తలకు రెండువైపులా ఇసుక సంచులు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. దగ్గకూడదు, గట్టివి నమలకూడదు, చుట్ట తాగకూడదు. మిగతా రెండూ ఎలాగో ఓర్చుకునేవారు గానీ, చుట్ట లేకపోవడం మగవాళ్ళకు ప్రాణాంతకంగా ఉండేది. కట్టు కట్టిన కళ్ళతోనే గడ్డి కింద దాచిన చుట్ట తడుముకుంటూ దొరికిపోయేవారు. గడ్డి మీద నిప్పు అంటే వైద్యుల కన్నా నాన్నకే భయం ఎక్కువ. రాత్రిపూట లాంతరు పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ, అగ్గిపెట్టెలు పోగుచేసి జేబుల నిండా వేసుకుని ఇంటికి వచ్చేవారు. ఆ చీకట్లో ఎవరో ఒకరు సన్నగా తత్వం అందుకునేవారు, అవతలి గదిలోంచి మరొక గొంతు కలిసేది. మొహాలు ఎరగని మనుషులు గొంతులతోనే వరసలు కలుపుకుని, బావా అనీ వదినా అనీ పిలుచుకునేవారు.

వంట అమ్మదీ, మరో నలుగురు ఇల్లాళ్ళదీ. పొద్దున పలచగా ఉప్మా, మధ్యాహ్నం మెత్తగా చిమిడిన అన్నం, పప్పుకట్టు, రాత్రి జావ. క్లబ్బు లెక్కల్లో వాళ్ళు సభ్యుల భార్యలు మాత్రమే. 1987లో ఆడవాళ్ళకు కూడా సభ్యత్వం ఇవ్వవచ్చని లయన్స్ ప్రపంచ మహాసభలో తీర్మానం అయినప్పుడు నాన్న ఆ వార్త పత్రికలో చూపించి, "చేరతావా?" అని అడిగారు. "నేను బిళ్ళ పెట్టుకుని కుర్చీలో కూర్చుంటే ఉప్మా మీ ప్రెసిడెంటు గారు కలుపుతారా?" అంది అమ్మ. అది కోపమో హాస్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

కట్లు విప్పే రోజు శిబిరం మొత్తానికి పెద్దరోజు. డాక్టరు గారు మంచం లేని ఆ వరసల పక్కన గొంతుక్కూర్చుని, కట్టు విప్పి, మొహం ముందు వేళ్ళు చూపించి "ఎన్ని?" అనేవారు. ఒక ఏడు కాలవ అవతలి ఊరి ముసలమ్మ ఆ వేళ్ళను అసలు పట్టించుకోలేదు. చుట్టూ తల తిప్పి చూసి, "వేళ్ళకేముంది బాబూ, ఎక్కడికీ పోవు. అదిగో, ఆవిడ కప్పుకున్న ఎర్ర దుప్పటి నాది. నాలుగు రోజుల్నుంచీ వెతుక్కుంటున్నాను" అంది. డాక్టరు గారు నవ్వాపుకుంటూ చీటీ మీద "చూపు బాగున్నది" అని రాశారు.

ముగింపు సభలో నాన్నకు అయిదు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇచ్చేవారు. ప్రతి ఏడూ అదే ఉపన్యాసం. 1917లో షికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి ఈ సంస్థకు అంకురార్పణ చేయడం, 1956లో అది బొంబాయిలో మన దేశానికి రావడం చకచకా చెప్పేసి, 1925 దగ్గర ఆగేవారు. చూపూ వినికిడీ రెండూ లేని హెలెన్ కెల్లర్ ఆ ఏడాది అమెరికాలో జరిగిన లయన్స్ మహాసభలో నిలబడి, అంధుల పక్షాన చీకటితో పోరాడే వీరులు కమ్మని కోరిందని చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. ప్రతి ఏడూ వినేదే అయినా, ముందు వరసలో కళ్ళకు ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని కూర్చున్న ముసలివాళ్ళు "ఆ తల్లి చల్లగుండాలి" అనేవారు, ఆవిడ అప్పటికే పోయిందని ఎవరూ చెప్పేవారు కాదు.

* * *

అప్పట్లో కంటిలోపల అమర్చే కటకాలు ఇలాంటి శిబిరాలకు రాలేదు. శుక్లంతో పాటు కంటి కటకాన్నే తీసేసేవారు కనుక, దళసరి అద్దాలు లేకపోతే ఆ ఆపరేషన్ సగం పనే. ఊళ్ళో వాటిని సోడాబుడ్డి కళ్ళద్దాలు అనేవారు. ఆరు వారాలయ్యాక వచ్చి తీసుకువెళ్ళమని ఒక్కొక్కరికీ పదిహేను పైసల కార్డు రాసేది నేనే. "తమరు మరువక వచ్చి కళ్ళద్దములు పొందగలరు" అని నాన్న చెప్పిన వాక్యాన్ని ఒకే శీతాకాలంలో ఎనభైసార్లు రాశాను. నా దస్తూరీ ఈ మాత్రం ఉందంటే అదే కారణం.

ఒక ఏడు ఒకే ఒక్క గడి ఖాళీగా మిగిలింది. రెండు కార్డులు వేసినా మనిషి రాలేదు. ఒక ఆదివారం నాన్న సైకిలు వెనక నన్ను ఎక్కించుకుని, అద్దాల పెట్టె నా ఒళ్ళో పెట్టి, పుస్తకం హ్యాండిలుకు తగిలించిన సంచీలో వేసుకుని బయలుదేరారు. కాలవగట్టు మీద నాలుగైదు మైళ్ళు. ఆ పెద్దాయన గుడిసె ముందు తాటిచెట్టుకు ఆనుకుని, కాలి బొటనవేలికి చివర తగిలించి తాడు పేనుతున్నాడు. చూపు పోయిన నాటినుంచీ ఆయన చేస్తున్నది ఆ పనే. అద్దాలకు యాభై రూపాయలు అడుగుతారని ఎవరో అన్నారట. కూలిమీద బతికే కొడుకును అడగలేక ఊరుకున్నాడు.

నాన్న ఎదురుగా కూర్చుని అద్దాలు తగిలించారు. ఆ అద్దాల్లోంచి అన్నీ పావు వంతు పెద్దవిగా, దగ్గరికి వచ్చినట్టుగా కనిపిస్తాయి. పెద్దాయన నాన్న చెయ్యి పట్టుకుందామని చాచాడు, చెయ్యికి జానెడు ఇవతలే గుప్పిట మూసుకుంది. మళ్ళీ చాచాడు, మళ్ళీ గాలే. మూడోసారికి నాన్నే తన చేతిని ముందుకు జరిపారు. కాసేపు ఆ చేతిని, చొక్కాను, నన్ను, సైకిలును చూశాడు. తర్వాత ఒళ్ళో ఉన్న తాడు పైకెత్తి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, వేళ్ళతో పురి విప్పి చూసి, "ఇంత అధ్వాన్నంగానా నేను పేనుతున్నది!" అన్నాడు. అప్పటిదాకా పేనినదంతా విప్పడం మొదలుపెట్టాడు.

నాన్న సైకిలు సీటు మీద పుస్తకం పెట్టి ఆ గడిలో తేదీ వేశారు.

* * *

వేసవిలో చలివేంద్రం సంగతి కూడా చెప్పాలి. ఉగాదికి రైలుస్టేషను ఎదుట తాటాకు పందిరి వేసి, తడి ఇసుకలో రంజన్లు నిలిపి, నీళ్ళలో వట్టివేళ్ళు వేసేవారు. ఎండలు ముదిరాక అల్లం, నిమ్మాకు నలిపి వేసిన మజ్జిగ. నీళ్ళు పోసేందుకు కూలిచ్చి ఒకావిడను పెట్టారు. ఆవిడ మనిషిని చూసి కొందరికి గ్లాసు ఇచ్చేది, పేట నుంచి వచ్చినవారికి మాత్రం దోసిట్లో పైనుంచి పోసేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. ఒకరోజు నాన్న గ్లాసులన్నీ సంచీలో వేసుకుని ఇంటికి పట్టుకొచ్చేశారు. మర్నాటినుంచి అందరికీ దోసిలే. పట్టు అంచు పంచె మోచేతుల దాకా తడుపుకుంటూ తాగిన ప్రెసిడెంటు గారికి ఒళ్ళు మండింది. తర్వాతి ఏడు కొత్త స్టీలు గ్లాసులు కొన్నారు, అందరికీ గ్లాసే అన్నారు. నాన్నది ధైర్యమో, ఆవిడతో పోట్లాడలేని మొహమాటమో నేను తేల్చుకోలేను. సమావేశం మినిట్సులో మాత్రం "గ్లాసులు కనబడుట లేదు" అని ఆయన దస్తూరీతోనే ఉంది.

* * *

తొంభైల్లో పద్ధతి మారింది. కంటిలో కటకం అమర్చే ఆపరేషన్లు వచ్చాయి, బడి గదుల్లో కోతలు కూడదన్నారు. శిబిరంలో పరీక్షలు మాత్రమే చేసి, మనుషులను బస్సు ఎక్కించి పెద్దాసుపత్రికి పంపడం మొదలైంది. గడ్డి, ఇసుక సంచులు, జావ అన్నీ పోయాయి. ఆ రోజులే మంచివని నేను అనను. ఫార్మలిన్ పొగనూ దేవుణ్ణీ నమ్ముకుని చేసిన పని అది. ప్రతి ఏడూ కట్లు విప్పేదాకా నాన్న సరిగా నిద్రపోకపోవడం నేను చూశాను. బస్సులు వచ్చాక ఆయనే నయమన్నారు, కాకపోతే "మనం టిక్కెట్టు కలెక్టర్లమయ్యాం" అని కూడా ఒకసారి అన్నారు. పుస్తకంలో చివరి పేజీలో బస్సు నంబరు, ఎక్కినవారి పేర్లు, దిగినవారి పేర్లు ఉన్నాయి. నాన్న పోయి తొమ్మిదేళ్ళు.

అమ్మకు ఆపరేషనయిన వారానికి, చదువుకోవచ్చని డాక్టరు చెప్పగానే, ఆవిడ మొదట అడిగింది ఆ పుస్తకమే. బీరువా అడుగునుంచి తీసి ఇచ్చాను. ఇన్నేళ్ళూ అది ఆ ఇంట్లోనే ఉన్నా, అందులో ఏముందో ఆవిడ ఎన్నడూ చూడలేదట. కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్క పేజీ తిప్పుతూ, ఊళ్ళ పేర్లు పైకి చదువుతూ, "ఈవిడే ఎర్ర దుప్పటి" అని నవ్వుతూ చాలాసేపు చూసింది. శిబిరం జమాఖర్చుల పేజీ దగ్గర చదవడం ఆగిపోయింది.

"ఏమే, ఇటు రా. ఇక్కడేముందో నువ్వు చదువు."

"ఉప్మా రవ్వ 14 కిలోలు, నెయ్యి 2 కిలోలు, ప్రెసిడెంటు గారి విరాళం" అని చదివాను.

"ఆ రవ్వ మనింట్లోది. నెయ్యి మా అమ్మ పంపింది. ఆయన పేరు రాశాడా మీ నాన్న!" అంది. కాసేపు ఆ గీతలకేసి చూసి, "కలం ఇలా తే" అని చెయ్యి చాచింది. కొత్త కన్ను కదా, మొదటిసారి కలానికి కాస్త ఇవతలే పట్టుకుంది.

ప్రెసిడెంటు గారి పేరు కొట్టేసి, పైన తన పేరు ఇంటిపేరుతో సహా రాసి, తేదీ వేసింది.